రెడ్‌షర్ట్ సామాన్లు ఎవరు సర్దారు? ఒక అమెచ్యూర్ ఫ్యాన్ ఫిల్మ్ కేస్ స్టడీ

అంతరిక్ష నౌక సిబ్బంది కథలు చెప్పే అమెరికన్ టీవీ సీరియల్ స్టార్ ట్రెక్. అందులో మొదటి సీరియల్ 1966 నుంచి 1969 దాకా మూడు సీజన్లు, మొత్తం 79 ఎపిసోడ్లు వచ్చింది. కెప్టెన్ వెంట కొత్త గ్రహం మీద దిగిన ఎర్ర చొక్కా కుర్రాడు ప్రాణాలతో తిరిగి రావడం కష్టమని ఆ సీరియల్ చూసినవాళ్ళందరికీ తెలుసు. కథలో చావడానికే వచ్చే చిన్న పాత్రని 'రెడ్‌షర్ట్' అనడం అక్కడి నుంచే మొదలైంది. కుర్రాడు పడిపోతాడు, డాక్టర్ చూసి చనిపోయాడంటాడు, కథ ముందుకి సాగిపోతుంది. తర్వాతి ఎపిసోడ్‌లో ఆ పేరు ఎవరూ ఎత్తరు.

మరి ఆ కుర్రాడి గది ఎవరు ఖాళీ చేశారు? సామాన్లు ఎవరు సర్దారు? ఇంటివాళ్ళు వస్తే వాళ్ళ ఎదురుగా కూర్చుని మాట్లాడింది ఎవరు? మేం తీసిన 14 నిమిషాల ఫ్యాన్ ఫిల్మ్ (అభిమానులు తమకి నచ్చిన లోకాన్ని తీసుకుని సొంతంగా తీసే సినిమా) అంతా ఈ ప్రశ్నల చుట్టూనే నడుస్తుంది. ఒక స్పేస్ స్టేషన్‌లో రికార్డుల గుమాస్తా, చనిపోయినవాడి తమ్ముడు, ఇద్దరి మధ్య ఒక పెట్టె. అంతే.

ఈ సినిమాకి ఎడిటింగ్, సౌండ్ నేను చూశాను. టీమ్‌లో అందరిలాగే నాకూ ఇది జీతం వచ్చే పని కాదు, అభిమానంతో చేసే పని. 'అమ్ముకునే హక్కు లేదు, పైసా రాదు, వేరేవాళ్ళ లోకం, వేరేవాళ్ళ పాత్రలు, ఇంత కష్టం దేనికి?' అని మమ్మల్ని చాలామంది అడిగారు. ఆ ప్రశ్నకి జవాబు ఈ ఒక్క సినిమా తయారైన తీరులోనే దొరుకుతుందని నా నమ్మకం. అందుకే మొదటి నుంచి చివరి దాకా ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అసలు కథ చూడకుండా దాటిపోయిన చోట ఆగి చూసినప్పుడే ఫ్యాన్ ఫిల్మ్‌కి సొంత విలువ వస్తుంది. అసలుదానిలా కనిపించాలన్న తాపత్రయంతో తీసినవాటిలో నైపుణ్యం ఎంత ఉన్నా, నాకు రెండోసారి చూడబుద్ధి కాదు.

ఎవరు ఎందుకు వచ్చారు

కథ రాసినావిడ వృత్తిరీత్యా నర్సు. చిన్నప్పటి నుంచి స్టార్ ట్రెక్ అంటే ప్రాణం. ఆసుపత్రిలో ఎవరైనా చనిపోతే వాళ్ళ వస్తువులన్నీ ఒక్కొక్కటిగా లిస్టు రాసి, సంతకం పెట్టించుకుని, ఇంటివాళ్ళకి అప్పగించడం ఆవిడ పనిలో భాగం. సీరియల్ మళ్ళీ చూస్తున్నప్పుడు ఆవిడకి రెడ్‌షర్ట్‌ల మీదకి దృష్టి పోయిందంటే అందుకే. మాకు వినిపించిన మొదటి డ్రాఫ్ట్‌లోనే ఒక మాట ఉంది. పెట్టె తెరిచి చూసిన తమ్ముడు ఏడవడు. 'సాక్సు ఒకటే ఉంది, రెండోది ఏది?' అని కోపంగా అడుగుతాడు. ఇంటివాళ్ళు ముందు ఇలాంటివే అడుగుతారని, ఏడుపు చాలాసేపటికి గానీ రాదని ఆవిడ చెప్పింది. ఊహించి రాయగలిగిన డైలాగ్ కాదది. టీమ్ మొత్తాన్ని ఆ సాక్సే కూడగట్టిందని చెప్పాలి.

సెట్ వేసినాయన వడ్రంగి. సీరియల్‌లో కనిపించే వంపు తిరిగిన గోడలు, బటన్ల బల్లలు తన చేత్తో చెయ్యాలని ఆయన కోరిక. బట్టలు కుట్టినావిడకి పాత కాలపు యూనిఫారాల కత్తిరింపు మీద ఉన్న పట్టు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. త్రీడీ బొమ్మలు చేసే కుర్రాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో తనే కట్టిన నౌక ఒకటి అతని దగ్గర అప్పటికే సిద్ధంగా ఉంది. దానితో ఒక యుద్ధం తియ్యాలని అతని ఆశ. తమ్ముడి పాత్ర వేసిన అబ్బాయికి అవకాశాల కోసం చూపించుకోవడానికి నాలుగు మంచి క్లోజప్‌లు కావాలి. గుమాస్తా పాత్ర వేసిన పెద్దాయన నాటకాల మనిషి, ఆయనకి కథ నచ్చింది.

చూస్తే ఆరుగురికీ ఆరు కారణాలు. దీన్ని నేను లోపంగా చూడను. కెరీర్ కోసం ఫ్యాన్ ఫిల్మ్ తీసేవాళ్ళని తక్కువగా చూసేవాళ్ళున్నారు, నాకది నచ్చదు. ఫిన్లాండ్‌లో కొందరు మిత్రులు చిన్న ఫ్లాట్‌లో బ్లూ స్క్రీన్ కట్టుకుని ఏడేళ్ళు కష్టపడి 'స్టార్ రెక్: ఇన్ ద పిర్కినింగ్' అనే పేరడీ సినిమా తీసి 2005లో ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. ఆ బృందమే తర్వాత 2012లో థియేటర్లకి 'ఐరన్ స్కై' తెచ్చింది. 2011లో ఒక వీడియో గేమ్ మీద 'పోర్టల్: నో ఎస్కేప్' అనే చిన్న సినిమా తీసిన డాన్ ట్రాక్టెన్‌బర్గ్ 2016లో '10 క్లోవర్‌ఫీల్డ్ లేన్'కి దర్శకుడయ్యాడు. దారి నిజంగానే ఉంది. కాకపోతే ఎవరి కోరిక సినిమాని నడిపిస్తుందన్నది మాత్రం మొదట్లోనే తేల్చుకోవాలి. మా సినిమాలో నర్సుగారి ప్రశ్నే నడిపించాలని అందరం ఒప్పుకున్నాం. మిగతా కోరికలు ఆ ప్రశ్నకి పనికొచ్చిన మేరకే తెర మీదకి వచ్చాయి.

గీసి ఉన్న గీతలు

స్టార్ ట్రెక్ ఫ్యాన్ ఫిల్మ్ తియ్యాలంటే 2016 జూన్‌లో స్టార్ ట్రెక్ హక్కులున్న సీబీఎస్, పారామౌంట్ సంస్థలు ప్రకటించిన నియమాలు తెలియాలి. అంతకు ముందు అభిమానులకి దాదాపు స్వేచ్ఛే. 'హిడెన్ ఫ్రాంటియర్' బృందం 2000 నుంచి 2007 వరకు 50 ఎపిసోడ్లు తీసింది. 'న్యూ వాయేజెస్' బృందం సెట్లు కట్టి, అసలు సీరియల్‌లో సులు పాత్ర వేసిన జార్జ్ టాకేతోనే 2007లో ఒక ఎపిసోడ్ తీస్తే, అది మరుసటి ఏడాది సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డుకి నామినేట్ అయింది. ఆ బృందం సెట్లే 2016 నుంచి అధికారిక లైసెన్స్‌తో న్యూయార్క్ రాష్ట్రంలోని టైకాండెరోగాలో సందర్శకులు చూసే చోటుగా మారాయి.

పరిస్థితి మారింది 'ఆక్సనార్' అనే ఫ్యాన్ ఫిల్మ్‌తో. 2014లో వచ్చిన దాని పరిచయ చిత్రం 21 నిమిషాలది, పేరున్న నటులతో చాలా బాగా తీశారు. పూర్తి నిడివి సినిమా కోసం అభిమానుల దగ్గర పది లక్షల డాలర్లకి పైగా పోగయ్యాయి. 2015 డిసెంబరులో హక్కుదారులు కోర్టుకి వెళ్ళారు. 2017 జనవరిలో జడ్జి దీనికి ఫెయిర్ యూజ్ (అనుమతి లేకుండా కొంతమేర వాడుకోనిచ్చే కాపీరైట్ మినహాయింపు) వర్తించదని తేల్చారు, అదే నెలలో రాజీ కుదిరింది.

నియమాల సారం ఇది. ఒక కథ 15 నిమిషాలకి మించకూడదు, కావాలంటే రెండు భాగాలుగా మొత్తం 30 నిమిషాలు. సీక్వెళ్ళు, సిరీస్‌లు కుదరవు. టైటిల్‌లో స్టార్ ట్రెక్ అనే పేరు ఉండకూడదు, కింద మాత్రం ఇది అభిమానుల నిర్మాణమని ఉపశీర్షిక వెయ్యాలి. పనిచేసేవాళ్ళెవరికీ డబ్బివ్వకూడదు. స్టార్ ట్రెక్‌లో ఇప్పుడు గానీ ఇంతకు ముందు గానీ పనిచేసినవాళ్ళు ఉండకూడదు. చందాలు 50,000 డాలర్లు దాటకూడదు. చూడ్డానికి డబ్బు తీసుకోకూడదు, ప్రకటనల ఆదాయమూ ఉండకూడదు. పాత ఎపిసోడ్ల ముక్కలు వాడటం, వాటినే మళ్ళీ తియ్యడం కుదరదు, కథ సొంతంగా ఉండాలి.

ఈ నియమాలు వచ్చినప్పుడు అభిమానుల్లో చాలా బాధ, కోపం కనిపించాయి. న్యాయమే. పాత నటులతో అంత మమకారంగా తీసిన ఎపిసోడ్లకి ఇక తావు లేకుండా పోయింది. డబ్బు పరిమితి నాకు సబబే అనిపిస్తుంది గానీ, అసలు సీరియల్‌లో పనిచేసినవాళ్ళు సరదాగానైనా ఒక పాత్ర వెయ్యకూడదనడం అనవసరమైన కట్టడి. అయితే మా కథకి 15 నిమిషాల హద్దు మంచే చేసింది. ఆ నిడివిలో రెండు కథలు పట్టవు. యుద్ధమూ, పెట్టె చుట్టూ మాటలూ రెండూ ఉండాలంటే రెండూ పల్చబడతాయి.

యుద్ధం ఎందుకు తీసేశాం

ఒక డ్రాఫ్ట్‌లో మొదటి మూడు నిమిషాలు అంతరిక్ష యుద్ధమే. అన్న చనిపోయిన సంఘటన చూపించి ఆ తర్వాత స్టేషన్‌కి రావాలని ఆలోచన. త్రీడీ కుర్రాడు నమూనా షాట్లు చేసుకొచ్చాడు. బాగున్నాయి, నిజంగా బాగున్నాయి. తీసెయ్యాలని గట్టిగా వాదించింది నేనే.

నా వాదన ఇది. తమ్ముడికి అన్న ఎలా పోయాడో తెలియదు. స్టార్‌ఫ్లీట్ (ఆ లోకంలోని అంతరిక్ష దళం) రికార్డులో ఒకే వాక్యం ఉంది, మిగతాది రహస్యం. ప్రేక్షకుడు యుద్ధం కళ్ళారా చూసేస్తే, తమ్ముడికి తెలియనిది తనకి తెలిసిపోతుంది. అప్పుడు తమ్ముడి మీద జాలి కలుగుతుందే తప్ప, అతని పక్కన కూర్చున్నట్టు ఉండదు. తెలియకపోవడంలో ఇద్దరూ సమానంగా ఉండాలి.

ఇంకో సంగతి కూడా ఉంది. ఎర్ర చొక్కా ఒక్కటి చూపిస్తే చాలు, అతను ఎలా పోయి ఉంటాడో అభిమానులు తమకి తామే ఊహించుకుంటారు. ఇలా పోయినవాళ్ళని ఎంతమందిని చూశారో వాళ్ళు! 'సొంతంగా ఒక కొత్త లోకం సృష్టించుకుని కథ చెప్పొచ్చుగా' అని అడిగేవాళ్ళకి నా జవాబు ఇక్కడే ఉంది. కొత్త లోకమైతే స్టార్‌ఫ్లీట్ లాంటిది ఏమిటో, ఆ రంగు చొక్కాకి అర్థం ఏమిటో, ఈ చావు ఎంత మామూలు సంగతో చెప్పడానికే మా 14 నిమిషాలూ చాలవు. స్టార్ ట్రెక్‌లో అదంతా ప్రేక్షకుడు తన జ్ఞాపకంలో మోసుకొస్తాడు. దశాబ్దాలుగా పేరుకున్న ఆ జ్ఞాపకం మీద ఆనుకుని కథ చెప్పగలగడం ఫ్యాన్ ఫిల్మ్‌కి ఉన్న బలం. పెద్ద బడ్జెట్ సినిమా కొత్త ప్రేక్షకుణ్ణి కూడా దృష్టిలో పెట్టుకోవాలి కాబట్టి ఆ బలాన్ని అంత నిబ్బరంగా వాడుకోవడం దానికి కుదరదు.

త్రీడీ కుర్రాడు చాలా నొచ్చుకున్నాడు, కొన్నాళ్ళు గ్రూపులో మాట్లాడలేదు. తిరిగొచ్చి అడిగింది ఒక్కటే. 'నౌక ఒక్క షాట్‌లోనైనా ఉంటుందా?' ఉంటుందన్నాం. సినిమాలో నాకు బాగా నచ్చిన షాట్ అదే అయింది.

కిటికీ షాట్

రికార్డుల గదిలో ఒక కిటికీ ఉంది. తమ్ముడు పెట్టె మీద చెయ్యి పెట్టి మాట్లాడకుండా నిలబడ్డప్పుడు బయట ఒక నౌక దాటిపోతుంది. అన్న పనిచేసిన నౌకే. దాన్ని ఆపి ఉంచరు, తర్వాతి ప్రయాణానికి బయల్దేరుతుంది.

మామూలుగా ఇలాంటి షాట్‌కి వెనక గ్రీన్ క్లాత్ కట్టి, నటుణ్ణి తీసి, తర్వాత నౌక బొమ్మ అతికిస్తారు. అతికించినట్టే కనిపిస్తుంది కూడా. నౌక గదికీ, కిటికీలోంచి వెలుతురిచ్చే నక్షత్రానికీ మధ్య నుంచి వెళ్తోంది కాబట్టి, ముందు ముఖం మీద వెలుతురు తగ్గాలి, నౌక దాటాక మళ్ళీ రావాలి. ఆ నీడ సెట్‌లోనే పడాలని నిర్ణయించాం. త్రీడీ కుర్రాడు నౌక ఆకారం గీసిచ్చాడు. వడ్రంగి దాన్ని ప్లైవుడ్ మీద కోసి, నౌక కిటికీలు ఉండే చోట సన్నటి రంధ్రాలు చేశాడు. మొదట వెనక ఎల్ఈడీ ప్యానెల్ పెడితే వెలుతురు మెత్తగా పరుచుకుని నీడ అంచు కరిగిపోయింది. దాని బదులు ఒంటి బల్బు ఫోకస్ లైట్ పెట్టాక అంచు తేరింది. లైట్ ముందు నుంచి ప్లైవుడ్‌ని వడ్రంగి నడుచుకుంటూ తీసుకెళ్తుంటే, అబ్బాయి ముఖం మీద చీకటి కమ్మి, అందులో చుక్కల్లాంటి వెలుతురు మచ్చలు చెంప మీదుగా పాకి, చెవి దగ్గర మాయమయ్యాయి.

షాట్ తొమ్మిది సెకన్లు. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన 216 ఫ్రేములు. బ్లెండర్‌లో నౌక వేగాన్ని ముఖం మీద నడిచిన నీడని బట్టి సరిచేసుకున్నాడు కుర్రాడు. వడ్రంగి ఒక చోట అడుగు తడబడి వేగం తగ్గింది. నౌకని కూడా అక్కడే కాస్త నెమ్మది చేశారు. ఎవరికీ తెలియదు, పైగా బరువైన నౌక కదులుతున్నట్టు ఉంది.

ఇబ్బంది పెట్టింది పెట్టె మూత. మెరిసే లోహం కావడంతో వెనకున్న ఆకుపచ్చ రంగు అందులో కనిపించి, కీయింగ్‌లో (కంప్యూటర్‌లో ఆ ఆకుపచ్చని తీసేసేటప్పుడు) మూత కూడా చిల్లులు పడ్డట్టు మాయమయ్యేది. మెరుపు పోయే స్ప్రే కొట్టి, అబ్బాయిని క్లాత్ నుంచి ఇంకాస్త ముందుకి జరిపి, క్లాత్‌కి విడిగా లైట్ పెడితే సర్దుకుంది. ఎర్ర చొక్కాకి గ్రీన్ స్క్రీన్‌తో పేచీ లేదు. అదే కెప్టెన్ లాంటివాళ్ళు వేసుకునే కమాండ్ చొక్కా అయితే కష్టమే. అసలు సీరియల్‌లో బంగారు రంగులా కనిపించే ఆ చొక్కాలు నిజానికి ఆకుపచ్చ ఛాయ గుడ్డతో కుట్టినవి. సెట్ లైట్లకి, ఫిల్మ్‌కి అలా పడ్డాయి. మా కుట్టుపని ఆవిడ తెర మీద కనిపించిన రంగునే కుట్టింది. అభిమానుల జ్ఞాపకంలో ఉన్న రంగు అది.

సౌండ్

పాత ఎపిసోడ్ల నుంచి ఏమీ తీసుకోకూడదన్న నియమాన్ని మేం శబ్దాలకీ పాటించాం. తలుపు శబ్దం, బటన్ల బీప్, గది గుయ్యిమనడం, అన్నీ సొంతంగా చేసుకున్నాం. గది శబ్దానికి ఫ్రిజ్ మోటారు రికార్డు చేసి వేగం తగ్గించి, దాని మీద కంప్యూటర్ ఫ్యాన్ మోత పల్చగా కలిపాను. అమెచ్యూర్ సినిమా అని చూసేవాడికి ముందు పట్టిచ్చేది బొమ్మ కాదు, శబ్దమే. షాట్ మారినప్పుడల్లా వెనక నిశ్శబ్దం కూడా మారిపోతే, అంతరిక్షం పోయి ఎవరిదో గదిలో ఉన్నామని తెలిసిపోతుంది. ఒకే మోత ఆసాంతం పరిచి ఉంటే మాటల్లో చిన్న చిన్న అతుకులు కప్పుకుపోతాయి.

సాక్సు గురించి అడిగే చోటికి వచ్చేసరికి ఆ మోత మెల్లగా తగ్గుతుంది. ఎప్పుడు తగ్గిందో తెలియనంత నెమ్మదిగా. 'రెండోది ఏది?' అన్నాక గదిలో ఏ చప్పుడూ ఉండదు.

ఎడిటింగ్‌లో తేలింది

స్క్రిప్టులో గుమాస్తా పెట్టెలోని వస్తువులన్నీ ఒక్కొక్కటిగా చదువుతాడు. రఫ్ కట్‌లో (మొదటి ముతక ఎడిటింగ్‌లో) ప్రతి వస్తువుకీ ఒక క్లోజప్ ఉంది, వడ్రంగి ఎంతో శ్రద్ధగా చేసిన వస్తువులు మరి. వాటిలో చాలా వరకు తీసేసి, లిస్టు చదువుతున్నంతసేపూ కెమెరా తమ్ముడి ముఖం మీదే ఉంచాను. వస్తువు పేరు చెవిన పడుతుంది, అది చూస్తున్న ముఖం కంటికి కనిపిస్తుంది. తమ్ముడి పాత్ర వేసిన అబ్బాయి కోరుకున్న క్లోజప్‌లు అతనికి అక్కడే దొరికాయి. నటించి చూపించాలన్న ఆత్రం అతనిలో మొదట్లో ఉండేది. ఆ పొడవాటి టేక్‌లో మాత్రం ఊరికే వింటున్నాడు. ఆ టేకే వాడాను.

చివర్లో గుమాస్తా రికార్డులో ఉన్న ఒక్క వాక్యం కింద ఇంకో వాక్యం చేరుస్తాడు. ఏమి రాశాడో తెర మీద చూపించాలా వద్దా అని టీమ్‌లో పెద్ద చర్చ. నాటకాల పెద్దాయన ఆ వాక్యం నిజంగానే టైపు చేశాడు గానీ, ఏమి రాశాడో ఎవరికీ చెప్పలేదు. చూపించలేదు.

విడుదలకి ముందు స్టార్ ట్రెక్ అంటే ఏమిటో అస్సలు తెలియని ఒకావిడకి చూపించాం. పెట్టె, సాక్సు, ఆ ఇద్దరి మధ్య మౌనం ఆవిడకి పూర్తిగా అందాయి. కళ్ళు తుడుచుకుంది. కానీ మొదటి షాట్‌లో మడతపెట్టిన ఎర్ర చొక్కా మీద కెమెరా ఎందుకు అంతసేపు ఆగిందో అర్థం కాలేదంది. అభిమాని అయితే ఆ చొక్కా చూడగానే కథంతా గ్రహిస్తాడు. ఫ్యాన్ ఫిల్మ్‌కి ఉన్న పరిమితి ఇది, నేను కాదనను. బయటివాళ్ళకి సగమే చేరుతుంది. ఆ సగం కూడా నిలబడేలా కథ ఉండాలన్నది ఆ ప్రదర్శన తర్వాత మేం పెట్టుకున్న కొలత. అందుకే గుమాస్తా చేత 'ఈ నెలలో ఇది నాలుగో పెట్టె' అన్న ఒక్క మాట డబ్బింగ్‌లో చేర్చాం.

ఏం దక్కింది

సినిమా ఉచితంగా పెట్టాం. చూసినవాళ్ళ సంఖ్య పెద్దది కాదు. వచ్చిన ఉత్తరాలు మాత్రం నేను ఊహించనివి. సైన్యంలో అన్నని పోగొట్టుకున్న ఒకతను తనకి అందిన పెట్టెలో ఏమేం ఉన్నాయో వరసగా రాశాడు. ఇంకో నర్సు రాసిన ఉత్తరం మా రచయిత్రి ఇప్పటికీ దాచుకుంది. కొందరు అభిమానులకి నచ్చలేదు. సాహసం లేదు, కొత్త గ్రహం లేదు, ఇది స్టార్ ట్రెక్ ఎలా అవుతుందన్నారు. ఆ లోకానికి మూలమే కొత్తదాన్ని వెతుక్కుంటూ వెళ్ళడం కాబట్టి ఆ మాటలో న్యాయం ఉంది. వెళ్ళినవాళ్ళ వెనక మిగిలినవాళ్ళు కూడా ఆ లోకంలోనివాళ్ళేనని నా పట్టుదల.

లోపాలూ ఉన్నాయి. మధ్యలో తెర మీద కమాండర్ మాట్లాడే సీన్ చప్పగా ఉంది. అది లేకుండా విషయం తెలిసేలా రాసి ఉంటే బాగుండేదని రచయిత్రి కూడా అంటుంది. సెట్ గోడ ఒకటి తలుపు మూసినప్పుడు సన్నగా ఊగుతుంది, కనిపెట్టినవాళ్ళు కనిపెట్టారు. తమ్ముడి పాత్ర వేసిన అబ్బాయికి ఇంకా పెద్ద అవకాశాలేమీ రాలేదు, ఒక నాటక బృందం మాత్రం ఈ సినిమా చూసి పిలిచింది.

సెట్ పలకలు వడ్రంగి విప్పి భద్రపరిచాడు, ఇంకో బృందం అడిగితే ఇచ్చాడు. స్టేషన్, నౌకల బ్లెండర్ ఫైళ్ళు లాభాపేక్ష లేకుండా తీసుకునే ఎవరైనా వాడుకోవచ్చని త్రీడీ కుర్రాడు బయటపెట్టాడు. యుద్ధం తీసెయ్యడం సరైన నిర్ణయమని అతను ఇప్పటికీ ఒప్పుకోడు. యుద్ధం లేకపోతే నిలబడని కథ ఒకటి తనే రాస్తున్నాడు. ఇంజిన్ గదిలో చిక్కుకున్న ఇద్దరికి బయట జరుగుతున్న పోరు గోడల అదురు ద్వారానే తెలుస్తుందట. రెండు భాగాలు, మొత్తం 30 నిమిషాలు. ఎడిటింగ్ నేనే చేస్తున్నాను.